శుక్రవారం సమీక్షకు మూడు కొలతలు

మిత్రులారా, కొత్త తెలుగు సినిమాకు ఇక్కడ శుక్రవారం ఉదయం ఆట మొదలయ్యేసరికే అమెరికాలో ప్రీమియర్లు పడిపోతాయి. అయిదుకు రెండున్నర, అయిదుకు మూడు అంటూ రేటింగులు ఫోన్లలో తిరుగుతుంటాయి. ఈ తొందరలో నవ్వించే సినిమాకూ, నేరం గుట్టు విప్పే సినిమాకూ, ఇంటి గొడవలు చెప్పే సినిమాకూ ఒకే తూకంరాయి వాడుతున్నాం. నా అభ్యంతరం అదే.

2021లో వచ్చిన 'జాతిరత్నాలు' తీసుకోండి. జోగిపేట కుర్రాళ్లు ముగ్గురు హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటారు. ఆ కోర్టు విచారణ చట్టప్రకారం ఉందా అని వెతకడం వృథా. కేసు ఉన్నదే నవ్వుల కోసం. అలాగని 'కథ పల్చన' అని రాసి ఊరుకున్నా చాలదు. నవ్వు మాటలో పుట్టిందా, నటుడి ముఖంలోనా, ఎక్కడ సన్నగిల్లిందన్నది చెప్పాలి.

2019 నాటి 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లోనూ నవ్వులున్నాయి, రెండింటిలోనూ కథానాయకుడు నవీన్ పొలిశెట్టే. కానీ లెక్క వేరు. నెల్లూరులో ఒక చిన్న డిటెక్టివ్, రైలు పట్టాల పక్కన గుర్తు తెలియని శవాలు: కథ ఇంతవరకే చెప్పాలి. ఆ శవాలు అక్కడికెందుకు చేరుతున్నాయో ఒక్క ముక్క రాసినా, టికెట్టు కొన్న మనిషికి అన్యాయం చేసినట్టే. మరి ఏం రాయాలి? ఆధారాలు మన కళ్లముందే పెట్టారా, దాచి ఉంచి చివర్లో గుమ్మరించారా? డిటెక్టివ్ తెలివితో ముడి విప్పాడా, అదృష్టం కలిసొచ్చిందా? ముగింపు బయటపెట్టకుండానే ఇవన్నీ తేల్చవచ్చు. క్రైమ్ సినిమా సమీక్షలో కష్టమంతా ఇదే, నాకు ఇష్టమైన పనీ ఇదే.

'బలగం' 2023 మార్చి 3న విడుదలైంది. ఇంటి పెద్ద చనిపోతాడు, పెట్టిన ముద్ద కాకి ముట్టదు. కథ చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. నల్లి బొక్క (మాంసం కూరలోని మూలుగ ఎముక) దగ్గర మొదలైన పంతం ఇన్నేళ్లు ఎలా నిలిచిందో, తెలంగాణ పల్లెలో చావింటి తీరును ఎంత దగ్గరగా చూపారో చెప్పడానికి మాత్రం చోటు కావాలి. తీసింది హాస్యనటుడు వేణు కాబట్టి నవ్వులే ఆశించి వెళ్లి, అవి తగ్గాయని మార్కులు కోస్తే తప్పు సినిమాది కాదు. తర్వాత ఎన్నో ఊళ్లు తెర కట్టుకుని కలిసి కూర్చుని చూశాయి ఆ సినిమాను.

కొత్తగా రాస్తున్నవారికి నా విన్నపం. సినిమా ఏం చేయాలని బయలుదేరిందో మొదటి పేరాలోనే రాయండి. హాస్యం, క్రైమ్ అయితే ఆ రాత్రికే పంపండి. కుటుంబ కథకు శనివారం దాకా గడువు అడగండి. ఇవ్వకపోతే రేటింగు లేకుండా పంపండి.