పిన్ నేనే కొట్టుకోవాలి

హోస్ట్: అన్నా, ఇందాక కార్డు మిషన్ సంగతేదో చెప్పబోయి ఆగారు. అక్కణ్ణుంచే మొదలుపెడదామా?

అతిథి: సరే. బటన్ల మిషన్‌లో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది, ఎప్పుడైనా గమనించావా? దాని మీద వేలు ఆనిస్తే మిగతా అంకెలన్నీ ఎక్కడున్నాయో చేతికి తెలిసిపోతుంది. నాకు చూపు లేకపోయినా నా పిన్ నేనే కొట్టేవాణ్ణి. ఆమధ్య ఒకచోట నున్నటి గాజు తెర మిషన్ చేతికిచ్చారు. ఎంత తడిమినా ఏమీ తగలదే! వెనకేమో క్యూ. కౌంటర్ అబ్బాయి "పిన్ చెప్పండి సార్, నేను కొడతా" అన్నాడు.

హోస్ట్: చెప్పేశారా?

అతిథి: చెప్పక ఏం చేస్తాను? నలుగురూ వినేలా చెప్పాను. ఆ అబ్బాయిని ఏమీ అనను, పాపం సాయం చేద్దామనే అడిగాడు. కానీ చూడు, నా కళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. మారింది మిషన్.

హోస్ట్: గాజు తెర అయితే ఇక దారే లేదా?

అతిథి: ఎందుకు లేదు? ఫోన్‌ది గాజు తెరే కదా. 2009లోనే ఐఫోన్‌కి వాయిస్‌ఓవర్ వచ్చింది. వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదివి వినిపిస్తుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు. దారి తెలిసి కూడా వదిలేస్తున్నారే, అదీ నా బాధ.

హోస్ట్: కొద్దిమంది కోసం అంత ఖర్చా అంటారు కొందరు.

అతిథి: కొద్దిమందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో వైకల్యం ఉన్నవాళ్ళు 130 కోట్ల మంది. ప్రతి ఆరుగురిలో ఒకరు! ఇక ఖర్చంటావా, ర్యాంపునే తీసుకో. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి. ప్లాన్ గీసేటప్పుడే అనుకుంటే ముందు గుమ్మం దగ్గరే సర్దుకుంటుంది. కట్టేశాక గుర్తొస్తే చోటుండదు, చెత్తడబ్బాల పక్కన వెనక గుమ్మానికి వేస్తారు. వీల్‌చైర్‌లో వచ్చిన మనిషి రోజూ ఆ గుమ్మంలోంచే లోపలికెళ్ళాలి.

హోస్ట్: మీరు చేసే టెస్టింగ్ పని కూడా ఇలాంటివి ముందే పట్టుకోవడానికేగా?

అతిథి: అవును. మొన్న ఒక ఉద్యోగ దరఖాస్తు ఫారం చూశాను. స్క్రీన్ రీడర్, అంటే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, పెడితే "బటన్, బటన్, బటన్" అంటోంది, అంతే. ఏది పంపడమో, ఏది రద్దో ఎలా తెలుస్తుంది? ఎంత చదువుకున్నా ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్ళలేం. డెవలపర్ నా పక్కనే కూర్చుని ఒక్కో బటన్‌కీ పేరు రాశాడు. భోజనాల వేళకల్లా అయిపోయింది. మళ్ళీ వేలు పెట్టాను. "దరఖాస్తు పంపు, బటన్" అంది.