పెద్ద బ్లాకు అంటే చెడ్డ వీడియో కాదు

[తెరపై: గండికోట అంచు నుంచి తీసిన 4కె దృశ్యం. పై సగం ఆకాశం, కింద ఎర్రని రాతి పొరలు, అడుగున పెన్నా నీటి చార.]

నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాను. వీడియో కంప్రెషన్ మీద ఏది చెప్పినా కింద ఒక వ్యాఖ్య తప్పకుండా పడుతుంది: "బ్లాకులు పెద్దవైతే బొమ్మ గళ్లుగళ్లుగా వస్తుంది, సైజు తగ్గించుకోండి." బ్లాకు అంటే వీడియోను కుదించేటప్పుడు ఫ్రేమును కోసే చదరపు ముక్క. ఆ వ్యాఖ్య చదివి చదివి విసుగొచ్చింది. గళ్లు కనబడటం నిజమే, కానీ నేరం బ్లాకుది కాదు. ఈరోజు ఆ లెక్క తేల్చేద్దాం. పాత ఫ్రేమును చూసి కొత్త ఫ్రేమును ఊహించడం, మిగిలిన తేడాను మాత్రమే పంపడం మీకు తెలిసిన సంగతులే. వాటి జోలికి వెళ్లను.

మన జిల్లాలో నాపరాళ్లు పరచని ఇల్లు అరుదు కదా. బండలు పరిచే మేస్త్రీని ఒకసారి గమనించండి. హాలు నడిమధ్యలో పెద్ద బండలు చకచకా వేసుకుంటూ పోతాడు. స్తంభం మొదట్లోకో, నీళ్ల తూము దగ్గరికో రాగానే ఆగి, కొలిచి, కోసి, చిన్న ముక్కలు పెడతాడు. హాలంతా అరడుగు ముక్కలే పరిస్తే నాణ్యత పెరగదు, కోత కూలి పెరుగుతుంది. అవసరమైన చోట కోయకపోతే స్తంభం చుట్టూ సందు నోరు తెరుచుకుంటుంది.

[తెరపై: అదే దృశ్యం మీద గళ్లు. ఆకాశంలో పెద్దవి, రాతి అంచుల్లో చిన్నవి.]

కోడెక్, అంటే వీడియోను కుదించి మళ్లీ విప్పే పద్ధతి, చేసేదీ ఇదే. ఈ ఆకాశం చూడండి. ఒకే నీలం, పైనుంచి కిందికి కొద్దికొద్దిగా పలచబడుతోంది. ఇక్కడ 64×64 పిక్సెళ్ల బ్లాకులను కోయకుండా వాడితే చాలు. పెద్ద బ్లాకు అంటే అంత మేరా ఒకే రంగు పూసేస్తారని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కంతా ఈ అపోహ దగ్గరే. బ్లాకు అంటే "ఇంత మేరకు ఒకే రకంగా ఊహిస్తాను" అన్న ఒప్పందం మాత్రమే. లోపల రంగు మెల్లగా మారవచ్చు, ఊహ తప్పిన మేరకు తేడానూ పంపవచ్చు.

ఇప్పుడు రాళ్ల దగ్గరికి రండి. పొర మీద పొర, మధ్యలో నీడ, అంచున గాలికి ఊగే గడ్డి. గడ్డి ఒక వైపు కదులుతోంది, రాయి కదలడం లేదు. రెండింటికీ ఒకే ఊహ పనికిరాదు. అందుకని మన కోడెక్ మేస్త్రీ ఆ బ్లాకును నాలుగుగా కోస్తాడు. ఒక ముక్కలో ఇంకా గందరగోళం ఉంటే దాన్ని మళ్లీ నాలుగుగా. మిగతా మూడూ బాగుంటే వాటిని ముట్టుకోడు. 2013లో వచ్చిన హెచ్.265 అనే కోడెక్‌లో ఈ కోత 64 నుంచి 32, 16, చివరికి 8 దాకా వెళ్తుంది.

ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? కోత కూలి లెక్క వేస్తాడు. కోసిన ప్రతి చోటా "ఇక్కడ కోశాను" అని ఫైలులో రాయాలి, ముక్కముక్కకూ దాని కదలికో, దిశో రాయాలి. అదంతా బిట్ల ఖర్చు. బొమ్మ ఎంత చెడింది అన్న అంకెకు, ఎన్ని బిట్లు ఖర్చయ్యాయి అన్న అంకెను లాంబ్డా అనే తూకంతో హెచ్చించి కలుపుతారు. మొత్తం ఎటు తగ్గితే అటే. నాకైతే వీడియో కంప్రెషన్ మొత్తంలో ఇంతకంటే అందమైన లెక్క లేదు.

హై రిజల్యూషన్‌లో ఇది ఇంకా ముఖ్యం. దానికి ముందుది, 2003 నాటి హెచ్.264లో పెద్ద బ్లాకే 16×16. 4కె ఫ్రేముకు అవి 32,400 కావాలి. ఏమీ మారని ఆకాశానికి "ఏమీ మారలేదు" అని అన్నిసార్లు చెప్పుకోవాలి. 64×64 అయితే దాదాపు 2,040తో సరి. రిజల్యూషన్ పెరిగితే అదే ఆకాశం ఎక్కువ పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది, కొత్తగా చెప్పవలసింది మాత్రం ఆ నిష్పత్తిలో పెరగదు. హాలు పెద్దదైతే బండా పెద్దదవ్వాలి. ఈ మాట వినకుండా సైజు తగ్గించమంటే ఏమనాలి?

మరి గళ్లు ఎందుకొస్తాయి? ఇచ్చిన బిట్లు చాలక. ఊహకూ అసలుకూ ఉన్న తేడాను మోటుగా గుండ్రం చేసి పారేస్తే, పక్కపక్క బ్లాకుల అంచులు కలవవు. మేస్త్రీ సందుల్లో సిమెంటు పాలు పోసినట్టు డీబ్లాకింగ్ ఫిల్టరు ఆ అంచులను సర్దుతుంది. కానీ పరిచిందే ఎగుడుదిగుడుగా ఉంటే సిమెంటు పాలు ఏం చేస్తాయి?

టైము చూస్తే అయిపోవచ్చింది, మిగతావి పరుగున చెప్పేస్తాను.

ఒక్క 64×64 బ్లాకును 8 దాకా నాలుగేసిగా కోసే పద్ధతులు 83,522. అన్నీ కోసి చూసే తీరిక ఎవరికీ లేదు. అనుభవమున్న మేస్త్రీ కంటిచూపుతోనే తేల్చినట్టు, ఎన్‌కోడర్లు, అంటే వీడియోను కుదించే ప్రోగ్రాములు, పక్క బ్లాకులను చూసి చాలా దారులను ముందే వదిలేస్తాయి. ఈ అంచనాకు ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ కూడా వాడుతున్నారు. ఎన్‌కోడింగ్ గంటలు పట్టి, చూడటం సాఫీగా సాగేది ఇందుకే: విప్పి చూపే డీకోడరుకు వెతుకులాట లేదు, రాసిన కోతను చదివి పరుచుకుంటూ పోతుంది.

ఆ తర్వాతి కోడెక్‌లు, 2018 నాటి ఏవీ1, 2020 నాటి హెచ్.266 రెండూ 128×128 దాకా వెళ్లాయి. హెచ్.266లో నాలుగు ముక్కలే కాదు, రెండుగా, 1:2:1 పాళ్లలో మూడుగా కూడా కోయవచ్చు. కోట గోడ అంచు లాంటి వాలు గీత వెంట చీల్చి రెండు వైపులా వేరే కదలికను ఊహించవచ్చు. దీని మీద ఒక వీడియో విడిగా చేయాలి, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం.

ఇక చేయవలసింది. ఎక్స్265 అనే హెచ్.265 ఎన్‌కోడర్ వాడేవాళ్లు చూడండి, మామూలు ప్రీసెట్లలో, అంటే ముందే అమర్చిన సెట్టింగుల్లో, సీటీయూ (కోత మొదలయ్యే పెద్ద బ్లాకు) 64 అనే ఉంటుంది. 4కె వీడియోకు దాన్ని ముట్టుకోకండి. గళ్లు కనిపిస్తే బిట్‌రేటు, అంటే సెకనుకు ఇచ్చే బిట్లు, పెంచండి, లేదా ఓపిక ఉంటే స్లో ప్రీసెట్ పెట్టి రాత్రంతా వదిలేయండి.