బీడీ మానిన మొదటి నెల
(ఆదోని మార్కెట్ యార్డులో హమాలీల కోసం పెట్టిన ఆరోగ్య శిబిరంలో ఒక ఛాతీ వైద్యుడి ప్రసంగం)

అన్నలకు, అక్కలకు, కమీషన్ మండీల వారికి, గుమస్తాలకు నమస్కారం.

కాటాలు మొదలయ్యేలోపు ముగించమన్నారు. అందుకని బీడీ తాగితే ఏమేం జబ్బులు వస్తాయో నేను చెప్పను. కట్ట మీద బొమ్మ వేసే ఉంది. దాన్ని చూస్తూనే మీరు రోజూ కట్ట విప్పుతున్నారు. నేను మాట్లాడేది మానేశాక ఏమవుతుందన్న దాని గురించి. ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకసారైనా మానినవాళ్లే. మళ్లీ ఎందుకు మొదలుపెట్టావన్నా అని అడిగితే జవాబు ఒకటే: “మానితే ఒంట్లో బాగుండలేదు సార్. తాగినప్పుడే నయంగా ఉన్నింది.”

ఆ మాట అబద్ధం కాదు, మానినాక నిజంగానే ఒంట్లో బాగుండదు. కాకపోతే దానికి ఒక లెక్క ఉంది, ఒక గడువు ఉంది. అది తెలియకపోవడం వల్లే మనిషి మూడో రోజు బెదిరిపోయి కొట్టుకు పోతాడు.

బీడీ పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రెండు గంటలకల్లా రక్తంలో సగం తగ్గిపోతుంది. అందుకే రెండు గంటలు గడిస్తే చాలు, చెయ్యి జేబులోకి పోతుంది. ఏళ్ల తరబడి తాగేవాళ్ల మెదడులో నికోటిన్ పట్టుకునే చోట్లు మామూలు కంటే ఎక్కువైపోతాయి. ఈ యార్డులో పావురాలను చూడండి. రోజూ గింజలు రాలుతుంటే మంద పెరుగుతుంది. గింజలు లేకపోతే కొన్నాళ్లు ఇక్కడే తిరిగి గోల చేస్తాయి, తర్వాత వాటి దారి అవి చూసుకుంటాయి. మెదడులో ఆ గోల అణగడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. మొదట్లో ఉన్నంత గట్టిగా మాత్రం అన్నాళ్లూ ఉండదు.

మానిన రోజు సాయంత్రానికే చిరాకు మొదలవుతుంది. రెండో రోజు, మూడో రోజు అన్నిటికంటే కష్టం. తలనొప్పి, ఒళ్లంతా విసుగు, ఏ పని మీదా మనసు నిలవదు, రాత్రి నిద్ర రాదు, వస్తే పిచ్చి కలలు. మూడు రోజులు దాటితే ఒంట్లో నికోటిన్ దాదాపు ఉండదు, అక్కణ్ణుంచి దిగుముఖమే. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఆకలి మాత్రం ఇంకొంత కాలం ఎక్కువగానే ఉంటుంది. మళ్లీ మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది మొదటి వారంలోనే మొదలుపెడతారు. అంటే సరిగ్గా తగ్గబోతున్నప్పుడు చెయ్యి ఎత్తేస్తున్నారన్నమాట.

ఇప్పుడు దగ్గు సంగతి. “బీడీ ఉన్నప్పుడు లేని దగ్గు మానినాక వచ్చింది, ఇదేం మానడం సార్” అని నన్ను కోప్పడినవాళ్లు ఉన్నారు. ఊపిరి గొట్టాల లోపల సన్నటి నూగు ఉంటుంది. దుమ్మునీ కఫాన్నీ పైకి నెట్టడం దాని పని. పొగకు అది చచ్చుబడి ఉంటుంది. పొగ ఆగాక మళ్లీ కదలడం మొదలుపెట్టి, పేరుకున్నదంతా బయటికి తోస్తుంది. కొన్ని వారాలు కఫం పడుతుంది, పడనివ్వండి. గోరువెచ్చని నీళ్లు తాగండి. అయితే ఒక మాట గట్టిగా చెప్తున్నా: దగ్గు రెండు వారాలు దాటినా, కఫంలో రక్తం కనపడినా, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, “బీడీ మానిన దగ్గేలే” అని కూర్చోవద్దు. సర్కారు ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. పత్తి దుమ్ములో పనిచేసేవాళ్లకు ఇది మరీ అవసరం.

ఇంకొకటుంది, చెప్పడానికి అందరూ సిగ్గుపడతారు. “బీడీ ముట్టించకపోతే దొడ్డికి రాదు సార్.” నవ్వుతున్నారు గానీ మీలో సగం మంది బాధ ఇదే. నికోటిన్ పేగులను కదిలిస్తుంది. అది ఆగేసరికి పేగులు మందగిస్తాయి. మానిన మొదటి వారం చాలామందికి మలబద్ధకమే. పొద్దున లేవగానే రెండు గ్లాసుల నీళ్లు, పూటా ఏదో ఒక ఆకుకూర, జొన్నరొట్టె, జామపండు. నాలుగు రోజులు చూడండి. అప్పటికీ కాకపోతే దానికి మందు ఉంది, బీడీ కంటే చవక.

టీ గురించి చాలామంది డాక్టర్లు కూడా చెప్పరు. పొగ తాగేవాళ్ల ఒంట్లో టీ, కాఫీలలోని కెఫిన్ తొందరగా ఖర్చైపోతుంది. పొగలోని తారు వల్ల కాలేయం అలా తయారవుతుంది. బీడీ మానిన తర్వాత అదే టీ తాగితే కెఫిన్ ఒంట్లో రెట్టింపు దాకా నిలబడుతుంది. గుండె దడ, చేతులు వణకడం, రాత్రంతా కళ్లు తెరుచుకుని పడుకోవడం. మనిషేమో ఇదంతా బీడీ లేకపోవడం వల్లే అనుకుంటాడు. బీడీ మానిన రోజే టీలు సగం చేయండి, సాయంత్రం తర్వాత తాగకండి. బీడీ మానడమే నిద్ర చెడగొట్టింది అనుకున్నవాళ్లలో కొందరికి చెడగొట్టింది టీ.

కొన్ని మందుల విషయంలోనూ ఇంతే. ఆయాసానికి థియోఫిలిన్ ఉన్న బిళ్లలు వాడేవాళ్లు, మానసిక జబ్బుకు క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్లు, షుగర్‌కు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు బీడీ మానుతున్నామని తమ డాక్టరుకు ముందే చెప్పాలి. డోసు తగ్గించాల్సి రావచ్చు.

ఇక కోపం. దీనికి అక్కలు కూడా దగ్గరికి వచ్చి వినాలి. మొన్నటిదాకా మాట మెత్తగా ఉన్న మనిషి కూరలో ఉప్పు తగ్గిందని తట్ట తోసేస్తాడు. పిల్లవాడు పుస్తకం చప్పుడు చేస్తే అరుస్తాడు. మూడో రోజుకు ఇంట్లో వాళ్లే, “నీ అరుపులు మేం పడలేం, పో, ఆ బీడీ ఏదో తాగిరా” అంటారు. పాపం, వాళ్ల ఓపిక కూడా అయిపోయి ఉంటుంది. కానీ ఆ ఒక్క మాటతో రెండు రోజుల కష్టం నేలపాలు. అందుకే మానే ముందే ఇంట్లో చెప్పండి: “ఈ వారం నేను కాస్త తిక్కగా ఉంటాను, పట్టించుకోవద్దు, తాగమని మాత్రం అనొద్దు.” అలాగని బీడీ మానాను కదా అని చెయ్యి చేసుకోవడానికి ఎవరికీ హక్కు రాదు. కోపం తలకెక్కితే ఇంట్లోంచి లేచి బజారు చివరిదాకా నడిచి రండి.

కొందరికి కోపం కాదు, దిగులు. ఏదో పోగొట్టుకున్నట్టు, పని లేనట్టు, ఎవరూ లేనట్టు ఉంటుంది. బీడీ అంటే మీకు పొగ ఒక్కటే కాదు గదా. మూట దించాక గేటు బయట నలుగురితో నిలబడే పది నిమిషాలు అది. మానితే ఆ నలుగురూ పోయినట్టే అనిపిస్తుంది. కాబట్టి వాళ్ల దగ్గరికి పోవడం మానొద్దు. చేతిలో బొరుగుల పొట్లమో, వేయించిన వేరుశనగ బుడ్డలో పెట్టుకుని పోండి. మొదటి రెండు వారాలు మాత్రం పొగకు కొంచెం ఎడంగా నిలబడండి. మందు పార్టీకి మాత్రం అస్సలు పోవద్దు. చుక్క పడితే బీడీ వద్దనే బుద్ధి ముందు పోతుంది. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాధలకే పెట్టిన సర్కారు నంబరు.

మీకు ఒక సంగతి చెప్తా, వినండి. పత్తి రాశుల దగ్గర మీరెవరూ బీడీ ముట్టించరు. నిప్పురవ్వ పడితే ఏమవుతుందో తెలుసు. లారీ లోడు చేసేటప్పుడు రెండు, మూడు గంటలు బీడీ ఊసే రాదు. గేటు కనపడగానే చెయ్యి చెవి మీదికి పోతుంది, అక్కడ దోపుకున్న బీడీ కోసం. ఇజ్రాయెల్‌లో విమానాల్లో పనిచేసేవాళ్ల మీద ఇదే చూశారు. కొన్ని గంటల ప్రయాణమైనా, పది గంటలు దాటిన ప్రయాణమైనా, తాగాలన్న కోరిక ఎక్కువయ్యింది విమానం దిగే వేళకే. అంటే ఆ లాగుడు నికోటిన్ తగ్గినందుకే రాదు, ఇప్పుడు తాగొచ్చు అని తెలిసినందుకు కూడా వస్తుంది. ఇది మీ చేతిలో ఉన్న విషయం. ఇంట్లో కట్ట దాచుకోవద్దు, చెవి మీద ఒకటి ఉంచుకోవద్దు, “ఒక్క దమ్ము” అని పక్కవాణ్ణి అడగొద్దు. లాగుడు వచ్చినప్పుడు అది అయిదు నిమిషాల కంటే పెద్దగా నిలవదు. నీళ్లు తాగండి, మొహం కడుక్కోండి, ఎవరితోనైనా మాట కలపండి. అది పోతుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది.

బీడీకి బదులు ఖైనీ, గుట్కా పెట్టుకునేవాళ్లున్నారు. అది మానడం కాదు. అదే నికోటిన్, ఈసారి నోటి క్యాన్సర్ దారిలో.

వట్టి చేతులతో కాకపోతే సాయం ఉంది. నికోటిన్ గమ్ రెండు మిల్లీగ్రాములది, నాలుగు మిల్లీగ్రాములది ఉంటుంది. లేచిన అరగంటలోపే బీడీ కావాల్సినవాళ్లకు నాలుగుది. పిల్లలు బబుల్ గమ్ నమిలినట్టు నమిలితే ఎక్కిళ్లు, కడుపు మంట వచ్చి, ఇది పనిచేయదని పారేస్తారు. మెల్లగా నమలండి, నోరు చురుక్కుమనగానే బుగ్గ పక్కన పెట్టండి. చురుకు తగ్గితే మళ్లీ నాలుగు సార్లు నమలండి. నమిలే ముందు పావుగంట టీ వద్దు, నోట్లో టీ పులుపు ఉంటే మందు ఒంటికి పట్టదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా వాడొద్దు. బిళ్లలు కూడా ఉన్నాయి, బుప్రోపియాన్, వరెనిక్లిన్ అని. అవి చీటీ మీదే. ఫోన్‌లో మాట్లాడాలంటే 1800112356, డబ్బులు పడవు. ఆ నంబరు మీ కట్ట మీదే అచ్చేసి ఉంది.

బరువు నాలుగైదు కిలోలు పెరగొచ్చు. మూటలు మోసేవాళ్లకు అది నేను బాధగా లెక్కపెట్టను.

ఆ బల్ల మీద ఒక చిన్న మిషన్ ఉంది. ఊదితే మీ ఊపిరిలో బొగ్గుపొగ విషం ఎంత ఉందో అంకె చూపిస్తుంది. బీడీ తాగేవాళ్లకు మామూలుగా పది దాటుతుంది. ఒకటి రెండు రోజులు మానితే దిగిపోతుంది. ఈరోజు ఊదినవాళ్ల అంకె మా నర్సమ్మ చీటీ మీద రాసిస్తుంది. ఎల్లుండి కూడా మేం ఇక్కడే ఉంటాం, అప్పుడు మళ్లీ ఊది పోల్చుకోవచ్చు. ఊదేముందు పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టాలి, అంతే. లైనులో రండి, కాటాకు పిలుపు వచ్చినవాళ్లను ముందు పంపిద్దాం.