వేడి ఎక్కడ పుడుతోంది? మార్పులు చేసిన ఆర్‌సీ కారులో డ్రైవ్‌ట్రైన్ పరీక్ష

అందరికీ నమస్కారం.

కొన్న కొత్తలో ఆర్‌సీ (రేడియో కంట్రోల్) కారు మామూలుగానే నడుస్తుంది. తర్వాత పెద్ద టైర్లు వేస్తాం, పినియన్ (మోటార్ షాఫ్ట్ మీది చిన్న గేర్) మారుస్తాం, రెండు సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తీసి మూడు సెల్‌ది పెడతాం. ఇక ఐదు నిమిషాలకే మోటార్ మీద చెయ్యి ఆనదు. చాలామంది వెంటనే ఫ్యాన్ కొనుక్కొస్తారు. నేను గట్టిగా చెప్పదలచింది ఒకటే: డ్రైవ్‌ట్రైన్‌లో, అంటే మోటార్ నుంచి చక్రాల దాకా శక్తిని చేర్చే భాగాల్లో, వేడి ఎక్కడ పుడుతోందో తేలేదాకా ఫ్యాన్ జోలికి వెళ్లకండి. బిగుసుకున్న బేరింగ్‌ని ఫ్యాన్ వదులు చేయదు, దాన్ని మన కంటికి కనిపించకుండా చేస్తుందంతే.

ముందు కొలత సరిగా ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపిస్తుంది. అందుకని మోటార్ డబ్బా మీద, గేర్‌బాక్సుల మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి దాని మీదే కొలవండి. మూడు నిమిషాలు నడిపి, ఆపగానే ఒకసారి, మరో నిమిషానికి ఇంకోసారి చూడండి. రెండో అంకె ఎక్కువ వస్తే కంగారు పడొద్దు, లోపలి వైండింగ్ (రాగి తీగ చుట్ట) వేడి డబ్బాకి చేరడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. మోటార్ డబ్బా 80 డిగ్రీల సెల్సియస్ దాటితే, బ్యాటరీ 60కి చేరితే అక్కడితో ఆపేయండి.

ఒక్క మోటార్‌నే కాదు, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరం), ముందు వెనక డిఫరెన్షియల్ (ఎడమ కుడి చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) గూళ్లు, నాలుగు చక్రాల హబ్‌లు, తీగల కనెక్టర్లు అన్నీ కొలిచి రాసుకోండి. ఒక్క హబ్ మాత్రమే వేడిగా ఉంటే ఆ బేరింగ్ పోయినట్టే. మూడు మోటార్ తీగల్లో ఒక కనెక్టర్ మాత్రమే కాలుతుంటే అక్కడ టంకం సరిగా పట్టలేదు, లేదా బుల్లెట్ (గుండ్రటి పిన్ను కనెక్టర్) వదులైంది. స్పర్ గేర్ (పినియన్ తిప్పే పెద్ద గేర్) నడిమధ్య వేడెక్కుతుంటే స్లిప్పర్ క్లచ్ (కుదుపు తగలకుండా కొంత జారే క్లచ్) అతిగా జారుతోంది. మోటార్, ఈఎస్‌సీ రెండూ కలిసి వేడెక్కితేనే భారం ఎక్కువైందని అనుమానించాలి.

ఆ అనుమానాన్ని గేరింగ్ (గేర్ల నిష్పత్తి) మీదికి నెట్టేముందు రాపిడి సంగతి తేల్చుకోవాలి. బ్యాటరీ తీసేసి, మోటార్‌ని జరిపి పినియన్‌ని స్పర్ నుంచి విడదీయండి. కారుని నున్నటి నేల మీద మెల్లగా తోస్తే చప్పుడు లేకుండా దొర్లాలి. తర్వాత సస్పెన్షన్‌ని పూర్తిగా కిందికి నొక్కి పట్టుకుని చక్రాలు తిప్పండి. పొడవైన ఆర్మ్‌లు, అల్యూమినియం హబ్‌లు వేసిన కార్లలో తేడా చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. మామూలు ఎత్తులో తేలిగ్గా తిరిగే డ్రైవ్ షాఫ్ట్, నొక్కినప్పుడు కప్పు (షాఫ్ట్ కొన కూర్చునే గిన్నె లాంటి భాగం) అడుగుని తన్ని బేరింగ్‌ని పక్కకి ఒత్తుతుంది. బల్ల మీద అంతా బాగుంటుంది, గతుకుల్లో కాలిపోతుంది. డిఫరెన్షియల్‌లో షిమ్ (సందు పూడ్చే పల్చటి రింగు) ఒకటి ఎక్కువైనా ఇలాగే పట్టేస్తుంది.

మోటార్ తిరిగి బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య పల్చటి కాగితం పెట్టి, పినియన్‌ని ఒత్తి, స్క్రూలు బిగించి, గేర్లు తిప్పి కాగితాన్ని బయటికి తీయండి. మడతలు పడాలి కానీ చిరగకూడదు. స్పర్ అంచు ఒక్కోసారి సమంగా ఉండదు కాబట్టి నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట సరిచేయండి.

ఇప్పుడు లెక్కకి వద్దాం. స్పర్‌కి 54 పళ్లు, పినియన్‌కి 13 పళ్లు అనుకోండి, నిష్పత్తి 4.15. పినియన్ 17 చేస్తే 3.18. భారం 30 శాతానికి పైగా పెరిగింది. దాని మీద 100 మిల్లీమీటర్ల టైర్ల బదులు 120వి వేస్తే ఇంకో 20 శాతం. ఈ రెండూ కూడవు, గుణించుకుంటాయి: 1.31ని 1.2తో గుణిస్తే 1.57. కారు అదే దూకుడుతో కదలాలంటే మోటార్ సుమారు 57 శాతం ఎక్కువ కరెంటు లాగాలి. వైండింగ్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు రెండున్నర రెట్లవుతుంది. పైగా రాగి వేడెక్కేకొద్దీ దాని నిరోధం డిగ్రీకి 0.4 శాతం చొప్పున పెరిగి మరింత వేడి పుట్టిస్తుంది. ఆ పెద్ద టైర్లతో మొదటి గేరింగ్ దక్కాలంటే 13ని 1.2తో భాగించండి, 11 పళ్ల పినియన్ వస్తుంది. మూడు సెల్ బ్యాటరీ వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తుంది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే మూడు రెట్లకు పైనే. సెల్ పెంచితే పినియన్ తగ్గించాల్సిందే.

పరీక్షకి రెండు పళ్లు తక్కువ పినియన్ వేసి, మెష్ (గేర్ల మధ్య సందు) మళ్లీ సరిచేసి, అదే చోట అదే మూడు నిమిషాలు నడపండి. ఒకసారికి ఒక మార్పే. ఉష్ణోగ్రత స్పష్టంగా దిగితే దోషం గేరింగ్‌దే. అది దిగకపోతే ఈఎస్‌సీ సెట్టింగుల్లో టైమింగ్ (వైండింగ్‌కి కరెంటు ఎంత ముందుగా అందాలో), డ్రాగ్ బ్రేక్ (థ్రాటిల్ వదిలితే దానంతటదే పడే బ్రేకు) రెండూ తగ్గించి చూడండి.

అప్పటికీ దిగకపోతే రోటర్ (మోటార్‌లో అయస్కాంతాలుండి తిరిగే భాగం) దెబ్బతిని ఉండొచ్చు. మామూలు గ్రేడ్ నియోడైమియం అయస్కాంతాలకు 80 డిగ్రీలే హద్దు. దాటితే బలం కొంత శాశ్వతంగా పోతుంది. బలం తగ్గిన మోటార్‌కి కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి తిరిగే చుట్లు) పెరిగి, భారం లేకుండానే వేగంగా తిరుగుతూ బాగున్నట్టు కనిపిస్తుంది, కానీ అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు తాగుతుంది. పినియన్ విప్పి షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. అదే మోడల్ కొత్త మోటార్‌తో పోలిస్తే అయస్కాంతాల వల్ల ఆగి ఆగి తగిలే పట్టు బాగా తగ్గినట్టు తెలిస్తే రోటర్ మార్చాలి. వైండింగ్ నుంచి కమురు వాసన కూడా వస్తుంటే మోటారే మార్చండి.