ఆ గ్లౌజు ఎవరి కోసం?

శ్రోతలందరికీ నమస్కారం. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల నుంచి ఉదయగిరి, కనిగిరి వైపు చిన్న ఆసుపత్రుల దాకా పనిచేస్తున్న సిస్టర్లు, డాక్టర్లు, ల్యాబ్ వాళ్లు, వార్డు శుభ్రం చేసే అక్కలు, అన్నలు, ఆసుపత్రిలో ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూసుకోవడం గురించి ఈ పది నిమిషాలు మీతోనే నేరుగా మాట్లాడతాను. ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో ఉన్న శ్రోతలు కూడా వినండి, మీకూ ఇందులో పని ఉంది.

ముందు గ్లౌజుల సంగతి. కోవిడ్ తర్వాత గ్లౌజులు వేసుకోవడం బాగా అలవాటైంది, సంతోషం. కానీ ఒక మంచం దగ్గర యూరిన్ బ్యాగు ఖాళీ చేసి, అదే గ్లౌజుతో పక్క మంచం పేషెంటు సెలైన్ సర్దితే, అది మనల్ని కాపాడుతుందేమో గానీ మొదటి మనిషి క్రిముల్ని రెండో మనిషికి మోసుకెళ్లి ఇస్తుంది. పేషెంటు మారితే గ్లౌజు మారాల్సిందే. తీసేశాక చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే, ఎందుకంటే గ్లౌజుకు కంటికి కనిపించని చిల్లులుంటాయి, తీసేటప్పుడు కూడా చేతికి అంటుతుంది.

1847లో వియన్నాలో సెమ్మెల్వెయిస్ అనే డాక్టరు, శవపరీక్షలు చేసి కాన్పుల వార్డుకు వచ్చే డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. కొన్ని నెలల్లోనే బాలింత జ్వరంతో పోయే తల్లుల సంఖ్య బాగా తగ్గింది. అయినా అప్పటి పెద్ద డాక్టర్లు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. అందుకే నేను ముందు పెద్దవాళ్లనే అడుగుతున్నాను. రౌండ్స్‌లో సీనియర్ డాక్టరు ప్రతి పేషెంటును ముట్టుకునే ముందు చేతులు రుద్దుకుంటే, వెనక నడిచే హౌస్ సర్జన్లు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు. ఆయన మానేస్తే గోడ మీద ఎన్ని పోస్టర్లు అంటించినా వృథా.

చేతుల మీద మురికి, రక్తం కనిపించకపోతే శానిటైజర్ లాంటి హ్యాండ్ రబ్‌తో 20 నుంచి 30 సెకన్లు చాలు. కనిపిస్తే మాత్రం సబ్బు, నీళ్లే, 40 నుంచి 60 సెకన్లు. టైమ్ ఎక్కడుందండీ అంటారు. నిజమే, వార్డు నిండా పేషెంట్లు, ఒక్క సిస్టరు, కొళాయి ఆ చివర ఎక్కడో ఉంటే ఎన్నిసార్లని నడుస్తుంది? ఆ సిస్టర్ని తిట్టి లాభం లేదు. హ్యాండ్ రబ్ బాటిల్ మంచం దగ్గరే ఉండాలి, అయిపోతే ఆ పూటే కొత్తది రావాలి. ఇది సూపరింటెండెంట్ గారు చూడాల్సిన పని.

మిషన్ పెట్టి రక్తం శుభ్రం చేసే డయాలసిస్ గదుల్లో ఇంకా గట్టిగా ఉండాలి. మన పశ్చిమ ప్రకాశంలో కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కుర్చీ ఎక్కేవాళ్లు ఎంతోమంది. ఎక్కిన ప్రతిసారీ చేతికి సూదులు, ఒంటి బయట మిషన్లో తిరిగే రక్తం. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. మరక కనిపించకపోయినా వైరస్ ఉండొచ్చు. కాబట్టి ఒక పేషెంటు దిగాక కుర్చీ, మిషన్ బటన్లు, ట్రే అన్నీ మందు నీళ్లతో తుడిచాకే ఇంకొకరిని ఎక్కించండి. బయట ఎదురుచూసే వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. అసలు బయట కూర్చున్న మీరే అడగండి, "సిస్టరమ్మా, కుర్చీ తుడిచారా?" అని. సిస్టర్లూ, అలా అడిగితే కోప్పడకండి. అడిగేది మీ మీద నమ్మకం లేక కాదు, ప్రాణభయంతో.

ఇక సూదులు. ఇంజెక్షన్ చేశాక సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, గుచ్చుకునేది చాలాసార్లు అక్కడే. సూదులు తెల్ల డబ్బాలోకే వెళ్లాలి, రక్తం అంటిన దూదిలో కలిపి పసుపు సంచిలో పారేస్తే, ఆ సంచి మోసే మనిషి కాలికో చేతికో గుచ్చుకుంటుంది.

సంచి మోసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎప్పుడైనా గుచ్చుకుంటే పిండకండి, నోట్లో పెట్టుకోకండి, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే క్యాజువాలిటీకి వెళ్లి చెప్పండి. హెచ్ఐవి రాకుండా వేసుకునే మాత్రలు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే మొదలుపెట్టీ ప్రయోజనం లేదు. తిడతారేమోనని దాచిపెట్టుకుని తెల్లవారాక చూద్దాం అనుకోవద్దు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతాయి. కాంట్రాక్టు మీద పనిచేసే వాళ్లకూ వేయించమని మీ సూపర్‌వైజర్ని ఈ వారమే అడగండి.