ఆఫీసర్‌గా మొదలై ఆర్థిక మంత్రి అయి, ఆ కుర్చీనే వదిలేసిన సి.డి. దేశ్‌ముఖ్

(స్క్రీన్ మీద పాత పది రూపాయల నోటు)

నమస్తే అండి. ఈ నోటు ఒకసారి దగ్గరగా చూడండి, బొమ్మేమో ఆరో జార్జి రాజుది, సంతకం మాత్రం సి.డి. దేశ్‌ముఖ్‌ది. బ్రిటిష్ వాళ్ల టైంలోనే, 1943లో, ఆర్‌బీఐకి గవర్నర్ అయిన మొదటి ఇండియన్ ఈయనే.

ఊరు మహారాష్ట్రలో మహాడ్ దగ్గర నాతే. కేంబ్రిడ్జిలో చదివారు, 1918లో ఐసీఎస్ రాస్తే ఫస్ట్ ర్యాంక్, అంటే ఇప్పటి ఐఏఎస్‌కి ముందున్న సర్వీస్ అన్నమాట. తర్వాత ఇరవై ఏళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు, ఉద్యోగం, 1939లో ఆర్‌బీఐకి వచ్చారు, నాలుగేళ్లకే గవర్నర్. 1944లో బ్రెటన్‌వుడ్స్‌కి, అదే ఐఎంఎఫ్, వరల్డ్ బ్యాంక్ పుట్టిన మీటింగ్, అక్కడికి మన తరఫున వెళ్లిన టీమ్‌లో కూడా ఉన్నారు.

1950లో జాన్ మథాయ్ రాజీనామా చేశాక నెహ్రూ ఈయన్ని ఆర్థిక మంత్రిని చేశారు. పార్టీ మనిషి కాదు, ఫైళ్లు తెలిసిన మనిషి. ఆ తేడా ఎక్కడ కనిపిస్తుందంటే 1956 జనవరి 19 రాత్రి, రేడియోలో ఈయన గొంతు వినిపించేదాకా జీవిత బీమా కంపెనీలన్నీ ప్రభుత్వం తీసుకుంటోందని బయటికి పొక్కలేదు, ముందే తెలిస్తే డబ్బులు పక్కకి తరలిపోతాయి కదా, అందుకే అంత గుట్టు. మొత్తం 245 సంస్థలు! అంతకుముందు ఏడాదే ఇంపీరియల్ బ్యాంక్ స్టేట్ బ్యాంక్ అయింది, అదీ ఈయన టైంలోనే.

ఇంకో విషయం, ఈయన మన రాజమండ్రి అల్లుడు అండి. 1953లో స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయిగారిని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు, సాక్షి సంతకం నెహ్రూది. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్ లేదని అదే నెహ్రూని ఆపేసిన పద్నాలుగేళ్ల పిల్ల ఆమే. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయిని మహారాష్ట్రకి ఇవ్వకుండా కేంద్రం కింద పెడతామన్నారు, జనం రోడ్డెక్కారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఎంక్వైరీ వెయ్యండి అని అడిగారు ఈయన, వెయ్యలేదు. కేబినెట్‌ని సరిగ్గా అడక్కుండానే ఇంత పెద్ద నిర్ణయం తీసుకున్నారని నెహ్రూ మీదే పార్లమెంటులో నిలబడి చెప్పి, 1956 జూలైలో బయటికి వచ్చేశారు. జీవితమంతా సర్కారు నౌకరీలో, పైవాళ్ల ఆర్డర్ల మధ్య బతికిన మనిషి చేసిన పని ఇది, నా దృష్టిలో ఆయన చేసిన బడ్జెట్లన్నిటికంటే ఇదే పెద్దది. ఆ బీమా కంపెనీలన్నీ కలిపి సెప్టెంబర్ 1న ఎల్ఐసీ మొదలయ్యే నాటికి ఆ కుర్చీలో ఆయన లేరు.

ఇంట్లో కూర్చున్నారా అంటే అదీ లేదు, యూనివర్సిటీలకి నిధులిచ్చే యూజీసీకి ఛైర్మన్, తర్వాత ఢిల్లీ యూనివర్సిటీ వీసీ. చివరి రోజులు మన హైదరాబాద్‌లోనే, 1981లో దుర్గాబాయిగారు పోయారు, ఏడాదిన్నర తిరక్కుండానే 1982 అక్టోబర్ 2న ఇక్కడే ఆయనా వెళ్లిపోయారు.