కారు అద్దానికి ఆవిరి పట్టిందా? ముందు ఏ వైపో చూడండి

[క్లోజప్: మసకబారిన ముందు అద్దం. లోపలి నుంచి ఒక వేలు గీత గీస్తోంది.]

వాయిస్: కారు ఆగి ఉన్నప్పుడు వేలితో ఇలా గీయండి. గీత పడితే ఆవిరి లోపల ఉంది. గీత పడకుండా, వైపర్ ఒకసారి తిరిగితే పోయిందంటే బయట ఉంది. లోపలి ఆవిరికి చేయాల్సింది వేరు, బయటి ఆవిరికి చేయాల్సింది వేరు. అందుకే ముందు ఈ పరీక్ష.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది లోపలి ఆవిరే. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 10 డిగ్రీల దగ్గరైతే 9 గ్రాములకు కాస్త పైన, అంతే. చల్లటి అద్దాన్ని తాకిన గాలి, మోయలేని తడిని అక్కడే చుక్కలుగా వదిలేస్తుంది. నలుగురు కూర్చుంటే ఊపిరి, చెమట కలిపి గంటకు 100 గ్రాములకు పైగానే తడి చేరుతుంది. తడి గొడుగు, నానిన మ్యాట్లు దానికి అదనం.

[షాట్: డాష్‌బోర్డు బటన్లు. ఒక్కొక్కటీ నొక్కుతూ చూపించాలి.]

కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగే గుర్తు ఉంటుంది, అదే రీసర్క్యులేషన్, అంటే కారులోని గాలినే మళ్లీ మళ్లీ తిప్పడం. ముందు దాన్ని ఆపి బయటి గాలి రానివ్వండి. గాలిని అద్దం వైపు మళ్లించండి. టెంపరేచర్ నాబ్ ఎరుపు వైపు తిప్పి, బ్లోయర్ పెంచి, ఏసీ ఆన్ చేయండి. ముందు అద్దం డీఫ్రాస్ట్ బటన్ ఉంటే, చాలా కార్లలో అదొక్కటే ఈ పనుల్లో చాలావరకు చేసేస్తుంది.

చలిలో ఏసీ ఎందుకంటారా? గాలిలోని తడి కూలింగ్ కాయిల్ మీద నీరుగా మారి, పైపు గుండా కారు కిందికి కారిపోతుంది. పొడిబారిన ఆ గాలే హీటర్ మీదుగా వెచ్చబడి అద్దానికి తగులుతుంది. వేడి, ఏసీ రెండూ కలిసి పనిచేయాలి. గడ్డకట్టే చలిలో మాత్రం చాలా కార్లలో ఏసీని నడిపే కంప్రెసర్ ఆన్ అవ్వదు. అప్పుడు వేడి గాలి, బయటి గాలితోనే నెట్టుకురావాలి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. అద్దం తేటపడిందని ఏసీ ఆపేస్తే, కాయిల్ మీద మిగిలిన తడి బ్లోయర్ గాలితో లోపలికి వచ్చి ఒక్కసారిగా అద్దం మూసుకుపోతుంది. వాన తగ్గేదాకా ఏసీ అలాగే ఉంచండి. నడుపుతూ చేత్తో తుడవకండి, చేతి జిడ్డు అంటిన చోట తర్వాత మసక ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

[షాట్: బయటి వైపు మసకబారిన అద్దం, వైపర్ కదులుతోంది.]

బయట ఉక్కగా ఉన్నప్పుడు చల్లటి ఏసీ గాలి అద్దానికి తగిలితే ఆవిరి బయటి వైపు పడుతుంది. వైపర్ వేయండి, టెంపరేచర్ కొంచెం పెంచండి, గాలిని ముఖం వైపో కాళ్ల వైపో తిప్పండి.

వెనక అద్దానికి సన్నటి గీతల డీఫాగర్ ఉంటుంది. అది కరెంటుతో వేడెక్కుతుంది. ఆ అద్దాన్ని గీతల వెంబడే తుడవాలి, బ్లేడు తగలనివ్వకూడదు. గీత ఒకచోట తెగినా ఆ వరుస మొత్తం పనిచేయదు.

[క్లోజప్: లోపలి అద్దం మీద మైక్రోఫైబర్ గుడ్డ. గుడ్డకు అంటిన బూడిద రంగు జిడ్డు.]

ఈ జిడ్డు చూడండి. డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిర్లు, దుమ్ము కలిసి పేరుకున్నదే ఇది. తడి దీన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమానంగా కలిపి ఒక గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. టింట్ ఫిల్మ్ ఉంటే అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడొద్దు, ఫిల్మ్ పాడవుతుంది.

ఇవన్నీ చేసినా రోజూ పడుతోందా? కారులోకి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. మూసుకుపోతే గాలి చాలదు. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయి ఉండొచ్చు. అద్దం మీద జిగట పొర, తియ్యటి వాసన, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ తగ్గడం కలిసి కనిపిస్తే, ఆ వేడి కూలెంట్‌తో లోపలి గాలిని వెచ్చబరిచే హీటర్ కోర్ కారుతున్నట్టే. దాన్ని వెంటనే మెకానిక్‌కి చూపించండి.